పాఠశాల బావికి క్రొత్త పంపు
(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల సభయందు ప్రధానోపాధ్యాయులు కావించిన ప్రసంగ పాఠము)

 

వార్షికోత్సవ దినమున ప్రధానోపాధ్యాయుడు పరీక్షా ఫలితములను గూర్చియో, మాతృభాషాభిమానమును గూర్చియో మాటలాడుట వాడుక. ఫలితములను నివేదికయందు చదివి వినిపించియే యున్నాము. మాతృభాషయందు అభిమానము లేనివారు ఈ సభకు వచ్చియుండరు. కావున నేడు మేము పాఠశాల బావిలోని పంపును గూర్చి నాలుగు మాటలు విన్నవింపదలచితిమి. ఇది వార్షికోత్సవమునకు తగిన విషయమా యని కొందఱు నవ్వవచ్చును. కాని గత వేసవి మొదలు మమ్ము వీధిలోను, సంతలోను, పెండ్లి పందిళ్ళలోను తల్లిదండ్రులు అడిగిన ప్రశ్న ఒక్కటియే: "అయ్యవారూ, ఒక్క పంపుకు ముప్పై వేలు ఎందుకయ్యింది?" అడిగినవారికి అడుగు హక్కు గలదు. ఆ సొమ్ములో సగము మీరు చందాలుగా ఇచ్చినది. తక్కిన సగము మన గ్రంథాలయమునకు తెలుగు పుస్తకములు కొనుటకై దాచియుంచిన నిధినుండి తీసినది. పిల్లల పుస్తకముల సొమ్మును బావిలో వేసినవారము, ఏల వేసితిమో చెప్పవలసిన బాధ్యత మాపై గలదు.

ముందుగా ఒక మాట. మేము ఇంజనీర్లము కాము. ఇంటర్మీడియెటు చదివి, ఉపాధ్యాయ శిక్షణ పొంది, ముప్పది సంవత్సరములకు పైగా పిల్లలకు లెక్కలు చెప్పుచు వచ్చినవారము. ఈ విషయమున మాకు తెలిసినదంతయు తెలిసినవారిని అడిగి నేర్చుకొన్నదియు, మా పిల్లలతో కలసి కొలిచి చూచినదియు మాత్రమే. అందు మొదటి పాఠము మా తప్పునుండియే నేర్చుకొంటిమి. దానిని దాచక చెప్పెదము.

2012వ సంవత్సరమునకు పూర్వము మన బావిలో 1.5 హార్సు పవరు పంపు ఉండెడిది. మేడమీది నీటి తొట్టి 5,000 లీటర్లది. అది నిండుటకు 50 నిమిషములు పట్టెడిది. ఆ పంపు చెడినపుడు మేము అంగడికి పోయి, "దీనికన్న వేగముగా నింపునది కావలెను" అని అడిగితిమి. అంగడివారు 3 హార్సు పవరు పంపును చూపిరి. దానిపై 45 మీటర్ల ఎత్తు అని వ్రాసియుండెను. పెద్దది మంచిదే గదా యని కొనితెచ్చితిమి. నిజముగనే తొట్టి 30 నిమిషములలో నిండజొచ్చినది. మా తెలివికి మేమే సంతోషించితిమి. గోటితో పోవుదానికి గొడ్డలి తెచ్చితిమని అప్పుడు మాకు తోచలేదు.

పిమ్మట పదమూడు సంవత్సరములలో ఆ మోటారు మూడుమార్లు కాలినది. మూడుమార్లును చుట్టించితిమి. నింపుటకు పట్టు కాలము క్రమముగా పెరిగి మఱల 50 నిమిషములకు వచ్చినది. దినమును రోజు చూచుచున్నవారికి మార్పు తెలియదు. మాకును తెలియలేదు.

2025 ఫిబ్రవరి చివర ఎనిమిదవ తరగతి పిల్లలు భౌతికశాస్త్ర పాఠములో భాగముగా ఒక లెక్క చేసిరి. బావిలోనికి తాడు విడిచి నీటిమట్టమును కొలిచిరి. నేలనుండి 15 మీటర్ల లోతు. తొట్టిలో నీరు పడుచోటు నేలనుండి 9 మీటర్ల ఎత్తు. మొత్తము 24 మీటర్లు. ఒక ఆదివారము నాడు దీపములు, పంకాలు అన్నియు ఆపి, పంపు మాత్రము నడపి, తొట్టి నిండునంతలో మీటరు ఎంత తిరిగినదో వ్రాసికొనిరి. 2.1 యూనిట్లు. తరువాత పుస్తకములోని సూత్రము ప్రకారము లెక్కించిరి. ఒక లీటరు నీటిని 1 మీటరు ఎత్తుటకు 9.81 జౌళ్ళ శక్తి కావలెను. ఒక యూనిట్టనగా 36 లక్షల జౌళ్ళు. కావున ఏ నష్టమును లేనిచో ఒక యూనిట్టుతో 3,67,000 లీటర్లను 1 మీటరు ఎత్తవచ్చును. 24 మీటర్లైనచో సుమారు 15,300 లీటర్లను ఎత్తవచ్చును. మన 5,000 లీటర్లకు ఒక యూనిట్టులో మూడవవంతు చాలును. మీటరు చూపినదో 2.1. ఆఱు రెట్లకు పైగా!

పిల్లలు ఆ పుస్తకమును మాకు చూపిరి. మేము చూచి, "దశాంశ బిందువు ఎక్కడనో తప్పినది, మఱల చేయుడు" అని పంపివేసితిమి. తప్పినది వారి బిందువు కాదు, మా పంపు. ఈ సభాముఖమున ఆ పిల్లలకు మా పొరపాటును ఒప్పుకొనుచున్నాము.

రెండు వారములు గడవకముందే, మార్చి నెలలో ఒక ఉదయము మోటారు ఆగిపోయినది. తొమ్మిది దినములు బండితో నీరు తెప్పించితిమి. త్రాగుటకు చాలినది గాని మరుగుదొడ్లకు చాలలేదు. ఆ తొమ్మిది దినములలో పెద్ద తరగతుల బాలికల హాజరు దినదినమును తగ్గినది. ఒక తల్లి వచ్చి, "అయ్యవారూ, నీళ్ళు వచ్చినాక పిల్లను పంపుతాము, కోపగించుకోవద్దు" అని చెప్పి వెళ్ళినది. పరీక్షల ముందు దినములవి. కోపమెవరిపై తెచ్చుకొందుము? పంపు విషయము చదువు విషయము కాదని అనుకొనువారు ఆ వారము మన హాజరు పట్టికను చూడవలెను.

అప్పుడు పాలకసంఘము కూడినది. మూడు మార్గములు కనబడెను. మొదటిది, మోటారును నాల్గవమారు చుట్టించుట, 5,500 రూపాయలు. రెండవది, అదే 3 హార్సు పవరులో చౌకరకము క్రొత్తపంపు కొనుట, 14,000 రూపాయలు. మూడవది, తక్కువ శక్తితో పనిచేయు 1.5 హార్సు పవరు పంపును 18,000 రూపాయలకు కొని, 12,000 రూపాయలతో గొట్టములను కూడ మార్చుట. 5 హార్సు పవరుది వేయించిన పదేండ్లు చింత ఉండదని ఒకరు సలహా యిచ్చిరి. నిధి తక్కువగా ఉన్నది. మెజారిటీ మొదటి మార్గము వైపే మొగ్గినది.

ఆ సమయమున మన పూర్వవిద్యార్థి యొకడు లేచెను. మోటార్లు చుట్టుటయే అతని వృత్తి. చుట్టుకూలి అతనికే రావలసియున్నది. అతడన్న మాట యిది: "అయ్యవారూ, చుట్టమంటే చుడతాను, నాకు నాలుగు రూపాయలు వస్తాయి. కాని లోపల బుష్షులు అరిగినాయి, ఇంపెల్లరు అరిగింది, బావిలో గొట్టం కీలు దగ్గర నీళ్ళు తిరిగి బావిలోకే కారుతున్నాయి. కొత్త తీగ చుడితే అవన్నీ బాగవుతాయా? పిల్లల సొమ్ము బావిలో వేసినట్టే." మేము, "నాయనా, నీ కూలి పోవునే" అంటిమి. "నేను ఈ బావి నీళ్ళే తాగి చదువుకున్నాను గదా" అని కూర్చుండెను. ఆ మాటతో సభ వారము దినములకు వాయిదా పడినది. ఆ వారములో మేము నేర్చుకొన్నదే మీకు చెప్పబోవునది. మీ యిండ్లలోను పంపులు ఉన్నవి గనుక మీకును పనికివచ్చును.

మనము కోయంబత్తూరు వారము. పంపును గూర్చి ఇతరులు మనకు చెప్పవలసిన పని లేదు. ఈ నల్లరేగడి నేలకు వచ్చి స్థిరపడిన మన పెద్దలు కపిలలు కట్టి, ఎద్దులతో లోతుబావుల నీరు తోడి ప్రత్తి పండించిరి. 1932లో పైకారా జలవిద్యుత్కేంద్రము ఆరంభమైన పిమ్మట కరెంటు ఈ ప్రాంతపు మిల్లులకును, బావులకును వచ్చినది. 1926లో స్థాపింపబడిన పి.ఎస్.జి. ధర్మసంస్థ ఆధ్వర్యమున పారిశ్రామిక విద్య వృద్ధి పొందినది. 1937లో జి. డి. నాయుడుగారును, డి. బాలసుందరం నాయుడుగారును కలసి పీలమేడులో స్వదేశముననే విద్యుత్ మోటారును తయారుచేయించిరి. వీరిరువురును మన తెలుగు కుటుంబములవారే యని వేఱుగ చెప్పనక్కరలేదు. నేడు ఈ ఊరు పంపుల ఊరని దేశమంతట పేరుపడినది. అట్టి ఊరిలో ఉండి, పంపు కొనుటకు బోయి "పెద్దది ఇమ్ము" అని అడుగుట మావంటి వారికి తలవంపు. మన తాతలు ఎద్దుల జతను చూచి, బావి లోతును చూచి, దానికి తగిన కపిలబాన కుట్టించెడివారు. ఎద్దులకు మించిన బాన కట్టిన పశువు కూలును. తక్కువ బాన కట్టిన దినము వ్యర్థము. ఆ లెక్కయే నేటికిని లెక్క.

పంపును ఎన్నుకొనుటకు రెండు అంకెలు తెలిసియుండవలెను. ఎంత నీరు, ఎంత ఎత్తు. హార్సు పవరు మూడవది. అది ఈ రెంటినుండి పుట్టవలెను గాని ముందుగా పుట్టరాదు.

ఎంత నీరు అనగా దినమునకు ఎంత కావలెనో, ఎంతసేపటిలో కావలెనో చూచుట. మన పాఠశాలలో 600 మంది పిల్లలు. తలకు 25 లీటర్ల చొప్పున 15,000 లీటర్లు, అనగా తొట్టికి మూడు నింపులు. ఒక్కొక్క నింపునకు 50 నిమిషములు పట్టినను మొత్తము రెండున్నర గంటలే. ఉదయమున ఒకటి, మధ్యాహ్నమున ఒకటి, సాయంకాలమున ఒకటి. ఇందు తొందర ఎక్కడ? 2012లో మేము 20 నిమిషముల వేగమును కొంటిమి. ఆ 20 నిమిషములతో ఎవరికేమి లాభము కలిగినదో నేటికిని చెప్పలేము.

ఎంత ఎత్తు అనగా నీటిమట్టమునుండి తొట్టి వఱకు గల ఎత్తు ఒక్కటియే కాదు. గొట్టములో నీరు పోవునపుడు రాపిడి కలుగును. ఆ రాపిడిని గెలుచుటకును శక్తి కావలెను. దానిని కూడ ఎత్తుగానే లెక్కింతురు. మన పాతగొట్టము ఒకటింబావు అంగుళముల ఇనుపగొట్టము, పొడవు 45 మీటర్లు, లోపల త్రుప్పు. అందు నిమిషమునకు 100 లీటర్లు పోవునపుడు రాపిడి 8 మీటర్ల ఎత్తునకు సమానమని తెలిసినవారు లెక్కకట్టి చూపిరి. నీటివేగము రెట్టింపైనచో రాపిడి దాదాపు నాలుగు రెట్లగును. మా 3 హార్సు పవరు పంపు క్రొత్తలో నిమిషమునకు 167 లీటర్లు పంపెడిది. అప్పటి రాపిడి 21 మీటర్లు! 24 మీటర్ల ఎత్తునకు 21 మీటర్ల రాపిడి చేరి 45 మీటర్లైనది. పంపుపై వ్రాసిన 45 మీటర్లు ఇట్లు సరిపోయినవి. అది ఆ పంపు తప్పు కాదు. ఇరుకు గొట్టముతో పోరాడుటకు సగము కరెంటును మేమే అప్పగించితిమి.

గొట్టము వ్యాసము కొంచెము పెరిగిన రాపిడి చాల తగ్గును. ఒకే నీటి పరిమాణమునకు రాపిడి వ్యాసముయొక్క అయిదవ ఘాతము ప్రకారము రమారమి తగ్గునని లెక్క. ఒక అంగుళము గొట్టమునకు బదులు ఒకటింబావు అంగుళముది వేసినచో రాపిడి మూడవవంతునకు దిగును. మేము నున్నని లోపలిభాగము గల పెద్ద హెచ్.డి.పి.ఇ. గొట్టమును వేయించితిమి. 8 మీటర్ల రాపిడి 2 మీటర్లైనది. పంపు ఎత్తవలసినది 32 మీటర్లు కాక 26 మీటర్లే. పంపును గూర్చి యోచించువారు గొట్టమును మఱచుట సాధారణము. అందుచేతనే 30,000లో 12,000 గొట్టమునకు పోయినది.

ఇక పంపుపై ఏమి చదువవలెను? ప్రతి పంపుపైనను ఒక లోహపు పలక ఉండును. అందు హార్సు పవరుతోపాటు ఎత్తు, నీటి పరిమాణము, మొత్తపు సామర్థ్యము వ్రాసియుండును. భారతీయ ప్రమాణముల ముద్ర ఉన్నదో లేదో చూడవలెను. నేలపై నుండు మోనోబ్లాకు పంపులకు ఐ.ఎస్. 9079, బోరులో దించు సబ్‌మెర్సిబుల్ పంపులకు ఐ.ఎస్. 8034, తెఱపి బావిలో ముంచు పంపులకు ఐ.ఎస్. 14220 అను ప్రమాణములు గలవు. 2001 నాటి ఇంధన పొదుపు చట్టము క్రింద 2002లో ఏర్పడిన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ వారు పంపులకు నక్షత్రముల గుర్తు ఇచ్చుచున్నారు. నక్షత్రములు ఎక్కువైన కొలది అదే పనికి కరెంటు తక్కువ పట్టునని భావము.

అయితే ఇందొక మెలిక గలదు. ఏ పంపైనను ఒక ఎత్తు వద్ద, ఒక నీటి పరిమాణము వద్ద మాత్రమే తన ఉత్తమ సామర్థ్యమును చూపును. దానికి దూరమైన కొలది సామర్థ్యము పడిపోవును. అయిదు నక్షత్రముల పంపునైనను 45 మీటర్లకు తయారైనదానిని 26 మీటర్ల పనికి పెట్టినచో నక్షత్రములు పలకపైననే ఉండును, బిల్లులో కనబడవు. కావున అంగడికి పోవునపుడు చీటిపై మీ ఎత్తును, మీ నీటిని వ్రాసికొని పొండు. "ఈ ఎత్తున ఇది నిమిషమునకు ఎన్ని లీటర్లు ఇచ్చును? అప్పుడు కరెంటు ఎంత తీసికొనును?" అని అడుగుడు. తయారీదారులు ప్రతి పంపునకును ఒక రేఖాపటమును ఇత్తురు. దానిని చూపుమనుడు. చూపలేనివారివద్ద కొనవలదు.

ఎత్తును ఒక్క దినము కొలిచి ఊరకుండరాదు. మన బావిలో కార్తీక మాసమున నీరు 9 మీటర్ల లోతున ఉండును, వేసవిలో 15 మీటర్లకు దిగును. కావున 20 మొదలు 26 మీటర్ల వఱకు చక్కగా పనిచేయు పంపును ఎంచితిమి. వేసవిలో నీరు చాలక పంపు ఎండి తిరిగినచో కాలిపోవును. మా పాత మోటారు మూడుమార్లు కాలుటకు ఇదియు ఒక కారణమని చుట్టినవారి అభిప్రాయము. ఈసారి నీరు తగ్గగనే తానే ఆగు సాధనమును, తొట్టి నిండగనే ఆపు తేలుడు స్విచ్చిని కూడ అమర్చించితిమి. పొంగిపొరలిన తొట్టినీరు కరెంటు పెట్టి తోడి కాలువలో పోసిన నీరే గదా.

ఇప్పుడు ఫలితము. ఏప్రిలులో క్రొత్త పంపు దిగినది. అదే ఎనిమిదవ తరగతి పిల్లలు, అదే విధముగ ఆదివారము నాడు, దీపములు ఆపి కొలిచిరి. ఒక్కొక్క నింపునకు 52 నిమిషములు. మూడుమార్లు నింపగా 2.8 యూనిట్లు. పాతపంపునకు మూడు నింపులకు 6.3 యూనిట్లు అగుచుండెను. దినమునకు 3.5 యూనిట్ల ఆదా. సంవత్సరమునకు 220 పనిదినములు వేసికొనిన 770 యూనిట్లు. లెక్క కొఱకు యూనిట్టునకు 8 రూపాయలు అనుకొన్నచో 6,160 రూపాయలు. ఖర్చైన 30,000 అయిదేండ్లలో తిరిగివచ్చును. చుట్టుకూలి తప్పుట ఇందులో చేర్చలేదు. ఈసారి దశాంశ బిందువును మేమే రెండుమార్లు సరిచూచితిమి.

మీ యిండ్ల మాట చెప్పెదము. ఇందు మేము మిమ్ము తొందరపెట్టము. రెండంతస్తుల ఇంటిపై తొట్టికి దినమునకు 1,000 లీటర్లు 12 మీటర్లు ఎత్తువారికి, పంపు సామర్థ్యము నూటికి 20 వంతులే యైనను, దినమునకు ఆఱవవంతు యూనిట్టు చాలును. సంవత్సరమునకు 60 యూనిట్లు. అట్టివారు చక్కగా పనిచేయుచున్న పంపును తీసివేసి నక్షత్రముల పంపు కొనుట దండుగ. అది చెడినపుడు మాత్రము తగినది కొనుడు. బోరుబావి గలవారి లెక్క వేఱు. 60 మీటర్ల ఎత్తునకు దినమునకు 2,000 లీటర్లు తోడువారికి, సామర్థ్యము నూటికి 25 అయినచో సంవత్సరమునకు సుమారు 475 యూనిట్లు. 40 అయినచో సుమారు 300. ఇచ్చట ధరలో వ్యత్యాసము రెండు మూడేండ్లలో తిరిగివచ్చును. పొలములకు గంటల తరబడి తోడువారికి చెప్పనే అక్కరలేదు.

నేలపై పంపు పెట్టి బావినుండి పీల్చువారు మఱియొకటి గమనింపవలెను. గాలి పీడనము నీటిని సిద్ధాంతమున 10 మీటర్ల వఱకే త్రోయగలదు. ఆచరణలో 6, 7 మీటర్లు మించనీయరాదు. అంతకు మించిన లోతు గలచోట పంపును క్రిందికి దింపవలెను గాని పెద్ద మోటారు పెట్టిన ప్రయోజనము లేదు. పీల్చుగొట్టము అడుగున ఫుట్‌వాల్వు జల్లెడ చెత్తతో మూసికొన్నచో పంపు రొప్పును. నూఱు రూపాయల శుభ్రతతో పోవుదానికి వేలు పోసి పంపు మార్చినవారు మన పేటలోనే కలరు.

ఒక తండ్రిగారు మాకు మంచి ప్రశ్న వేసిరి. వారి కుమార్తె అమెరికాలో ఉన్నది. వారి యింటి ఈతకొలనుకు వేగము మార్చుకొనదగిన పంపు పెట్టిన తరువాత కరెంటు బిల్లు సగమునకు పైగా తగ్గినదట. "మన బావికి అది పెట్టిన ఏమి?" అని వారి ప్రశ్న. ఆ మాట నిజమే. అచ్చట 2021 జూలైలో అమలులోనికి వచ్చిన సమాఖ్య నియమము వలన ఇండ్ల ఈతకొలనుల వడపోత పంపులలో పెక్కు అట్టివే అమ్ముచున్నారు. కాని ఈతకొలనులో నీరు ఎత్తునకు ఎక్కదు. కొలనునుండి వడపోతకు పోయి మఱల అదే కొలనుకు వచ్చును. అచ్చట గెలువవలసినది రాపిడి ఒక్కటియే. అట్టిచోట పంపు వేగమును సగము చేసినచో నీరు సగమగును గాని శక్తి ఎనిమిదవవంతునకు దిగును. రెట్టింపు కాలము నడపినను మొత్తము నాలుగవవంతే. అందుచేత వారు తక్కువ వేగమున ఎక్కువ గంటలు నడపుదురు. మన బావి నీరు 24 మీటర్లు ఎక్కియే తీరవలెను. వేగము సగము చేసినచో పంపు త్రోయగల ఎత్తు నాలుగవవంతునకు దిగును. నీరు తొట్టిని చేరక గొట్టములో నడుమనే నిలుచును, మోటారు తిరుగుచునే ఉండును. కావున ఆ అమ్మాయి యింటికి తగినది మన బావికి తగదు. తగినది అను మాటకు అర్థము ఇదియే. చోటును బట్టి, పనిని బట్టి తగుట. అయితే నెమ్మదిగా పోనిచ్చిన నీటికి రాపిడి తక్కువ యను మూలసూత్రము రెంటికిని ఒక్కటే. మేము దానిని పెద్ద గొట్టముతోను, చిన్న పంపుతోను సాధించితిమి.

అమ్మలారా, అయ్యలారా! ఇక ముగించెదము. గ్రంథాలయ నిధినుండి 15,000 రూపాయలు తీసితిమని మొదట చెప్పితిమి. ఆ సొమ్ము ఊరకే పోనీయము. ప్రతి సంవత్సరము పంపువలన ఆదా అగు సొమ్మును కరెంటు బిల్లులతో సరిచూచి, అంతయు గ్రంథాలయ నిధికే జమకట్టుటకు పాలకసంఘము తీర్మానించినది. రెండున్నరేండ్లలో అప్పు తీరును. పిదప కూడ ఆ సొమ్ము తెలుగు పుస్తకములకే పోవును. లెక్కను ప్రతి వార్షిక సంచికయందును అచ్చువేయుదుము. మీటరు చూచి వ్రాయుపని ఎనిమిదవ తరగతి వారిది. తరగతి మారినను పుస్తకము మారదు.

మా పిల్లలు తెలుగులో చదివి ఏమి చేయుదురని అడుగువారు ఇంకను ఉన్నారు. ఈ సంవత్సరము వారు తెలుగులో చదివిన భౌతికశాస్త్రముతో తెలుగులో లెక్క వ్రాసి, ప్రధానోపాధ్యాయుని పదమూడేండ్ల పొరపాటును పట్టియిచ్చిరి. మేము వినలేదు, అది మా లోపము. ఇకమీదట పిల్లలు లెక్క చేసి తెచ్చినపుడు ముందు మీటరు వద్దకు పోయి చూచి, ఆ తరువాతనే తప్పని చెప్పెదము.

కూలిని వదలుకొని నిజము చెప్పిన మన పూర్వవిద్యార్థికి, నీటిబండి వచ్చువఱకు తమ బావులనుండి బిందెలతో నీరు పంపిన ఇరుగుపొరుగు తల్లులకు, చందాలిచ్చిన మీకందఱకు పాఠశాల పక్షమున కృతజ్ఞతలు తెలుపుచున్నాము. సభ ముగిసిన పిమ్మట బావివద్దకు రండు. గొట్టము, పలక, మీటరు అన్నియు పిల్లలు చూపి వివరింతురు. ఆ తొమ్మిది దినములు బడికి రాని బాలికలు నేడు మరల వరుసలో నిలిచియున్నారు. ముందుగా వారిని చూడుడు.

సెలవు.